ఐదు రంగుల ప్యానెల్: ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 7

విశాఖ పెదవాల్తేరులోని మా ప్రయోగశాలలో ఉన్న, రంగు పట్టించిన కణాల వెలుగును లేజర్‌తో ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌కు రెండు లేజర్లు, ఐదు రంగులను విడివిడిగా చదవగల డిటెక్టర్లు ఉన్నప్పటికీ, ఇంతకాలం దానిపై రెండేసి రంగుల పరీక్షలే చేస్తూ వచ్చాము. సీడీ సంఖ్యలు కణాల మీది ప్రోటీన్ల పేర్లు: రోగనిరోధక తెల్ల కణాలలో సీడీ3 టీ కణాలకు, సీడీ4, సీడీ8 వాటిలోని రెండు వర్గాలకు, సీడీ19 బీ కణాలకు గుర్తు. సీడీ3తో సీడీ4 ఒక ట్యూబులో, సీడీ3తో సీడీ8 మరొక ట్యూబులో, సీడీ19 ఇంకొక ట్యూబులో చూడటం పెద్దల విషయంలో ఇబ్బంది కాదు గాని, చంటిపిల్లల నుంచి అన్ని ట్యూబులకు సరిపడా రక్తం తీయడం ఎవరికీ మనసొప్పే పని కాదు. 100 మైక్రోలీటర్ల రక్తంతో, ఒకే ట్యూబులో, టీ కణాలనూ వాటిలోని రెండు ప్రధాన వర్గాలనూ బీ కణాలనూ లెక్కించగల, ఒక్కో ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీకి ఒక్కో రంగు అతికించిన ఐదు రంగుల ప్యానెల్‌ను మా యంత్రంపై నిలబెట్టడమే ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ప్రస్తుతానికి రక్తమిచ్చేది మా సహోద్యోగులే. వారి నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకున్నాము.

ఏ ప్రోటీన్‌కు ఏ రంగు అన్నది ఈ రోజు తేల్చుకున్నాము. కణం మీద దట్టంగా ఉండే ప్రోటీన్‌కు మసక రంగు ఇచ్చినా కనిపిస్తుంది. పలుచగా ఉండే ప్రోటీన్‌కు మాత్రం ప్రకాశవంతమైన రంగే ఇవ్వాలి. సీడీ45 తెల్ల రక్త కణాలన్నిటి మీదా దట్టంగా ఉంటుంది కనుక దానికి మసక రంగైన పెర్‌సీపీ-సై5.5 సరిపోతుంది. సీడీ19 అంత దట్టంగా ఉండదు కనుక దానికి ప్రకాశవంతమైన రంగైన పీఈ ఇచ్చాము. సీడీ3కి ఎఫ్‌ఐటీసీ, సీడీ4కి ఏపీసీ, సీడీ8కి పీఈ-సై7 కేటాయించాము. ఏపీసీని ఎర్ర లేజర్, మిగిలిన నాలుగింటినీ 488 నానోమీటర్ల నీలి లేజర్ వెలిగిస్తాయి. క్లోన్లు, అంటే ఆ యాంటీబాడీలను తయారు చేసే కణవంశాలు, వరుసగా హెచ్‌ఐ30, హెచ్‌ఐబీ19, యూసీహెచ్‌టీ1, ఆర్‌పీఏ-టీ4, ఎస్‌కే1.

క్లోన్ పేరు కూడా రాసి పెట్టుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఎలుక బీ కణాన్ని మైలోమా అనే క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకమైన యాంటీబాడీని ఎంతకాలమైనా తయారు చేయగల హైబ్రిడోమాను సాధించిన తరువాత, ఒకే ప్రోటీన్ మీద పదుల కొద్దీ క్లోన్లు పుట్టుకొచ్చాయి, ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. ఇప్పుడు మనం సీడీ4 అంటున్నది అప్పట్లో ఒకరికి టీ4, మరొకరికి ల్యూ-3. 1982లో పారిస్‌లో జరిగిన వర్క్‌షాప్‌లో ఈ పేర్లను ఒక క్రమంలోకి తెచ్చి సీడీ సంఖ్యలు ఇవ్వడం మొదలైంది. అయినా సీడీ సంఖ్య ప్రోటీన్‌ను చెబుతుందే తప్ప, ఆ ప్రోటీన్‌లో ఏ భాగానికి యాంటీబాడీ అతుక్కుంటుందో చెప్పదు. ఆ సంగతి క్లోన్‌ను బట్టి ఉంటుంది.

ఏప్రిల్ 11

యాంటీబాడీల పార్శిల్ మధ్యాహ్నం చేరింది. థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకులు మెత్తబడ్డాయి గాని చల్లదనం పోలేదు. థర్మామీటర్ లోపల పెట్టి చూస్తే 7 డిగ్రీలు చూపింది. సీడీ8 మాత్రం, ఒకే విడతలో తయారైన, ఒకే లాట్‌వి రెండు సీసాలు తెప్పించాము. వాటిలో ఒకటి తెరవకుండా ఉంచుతాము. విశాఖ గాలిలోని తేమకు, ఫ్రిజ్ నుంచి తీసిన సీసా మీద నిమిషంలో చెమట పట్టి, లేబుల్ మీద రాసిన తేదీ చెరిగిపోతుంది. అందుకని తేదీని మూత మీద మార్కర్‌తో రాసి, పైన పారదర్శక టేపు అంటించాము.

పీఈ, ఏపీసీ రెండూ సముద్రపు నాచుల వంటి జీవుల నుంచి వచ్చిన ప్రోటీన్లు. బీచ్ రోడ్డు కింద అలలు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మీద కనిపించే ఎర్ర నాచుల జాతిలోనిదే పీఈకి మూలం. వీటిని కణాల మీద గుర్తులుగా వాడవచ్చని 1982లో ఓయ్, గ్లేజర్, స్ట్రయర్ చూపించారు. ప్రోటీన్లు కనుక గడ్డకట్టనిస్తే పాడైపోతాయి. మా ఫ్రిజ్ వెనుక గోడకు ఆనించి పెట్టిన నీళ్ల సీసా ఒకసారి గడ్డకట్టిన సంగతి గుర్తుంచుకుని, యాంటీబాడీల పెట్టెను మధ్య అరలో ముందు వైపు పెట్టాము.

ఏప్రిల్ 16

ఈ రోజంతా యంత్రంతోనే గడిచింది. ప్రతి ఉదయం ప్రామాణిక పూసలు (వెలుగు ముందే తెలిసిన సూక్ష్మ గోళాలు) నడిపి, ప్రతి డిటెక్టర్‌లో శిఖరం, అంటే ఎక్కువ వాటి వెలుగు పడే చోటు, అదే చోట పడుతున్నదా అని చూసి, వోల్టేజీలు నమోదు చేయాలని నిర్ణయించాము. ఏసీ వేసిన అరగంట తరువాతే పూసలు నడపాలి. గది వేడిగా ఉన్నప్పుడు నడిపితే లేజర్ స్థిరపడక శిఖరాలు వెడల్పు అవుతున్నాయి.

ఏప్రిల్ 21 నుంచి 25 వరకు

ఈ ఐదు రోజులూ ఎంత యాంటీబాడీ వేయాలో తేల్చే టైట్రేషన్‌కే పోయాయి. ఇది వృథా కాదని నమ్మకంగా రాస్తున్నాను.

సీసా మీద ఒక పరీక్షకు 5 మైక్రోలీటర్లు అని ఉంటుంది. తయారీదారు తన కణాలతో, తన యంత్రంపై, అందరికీ సరిపోయేలా నిర్ణయించిన మోతాదు అది. మా యంత్రంపై, మా బఫర్‌లో, మా కణాల సంఖ్యకు అదే సరైనదని ముందే అనుకోకూడదు. ఒక్కో యాంటీబాడీకి ఎనిమిది ట్యూబులు పెట్టి, ప్రతి ట్యూబులో 10 లక్షల తెల్ల కణాలు, మొత్తం 100 మైక్రోలీటర్ల ద్రవం ఉండేలా చూసి, 10 మైక్రోలీటర్లతో మొదలుపెట్టి ట్యూబు ట్యూబుకూ సగం చేస్తూ వెళ్లాము. చీకట్లో, 4 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, కడిగి, నడిపాము.

సీడీ4 ఏపీసీ ఫలితాన్ని వివరంగా రాస్తాను, మిగిలినవన్నీ ఇంచుమించు ఇదే బాటలో నడిచాయి. 10, 5 మైక్రోలీటర్ల ట్యూబుల్లో రంగు పట్టిన కణాల శిఖరం దాదాపు ఒకే చోట ఉంది. అంటే కణాల మీద ఉన్న సీడీ4 అంతా అప్పటికే యాంటీబాడీతో నిండిపోయింది, అదనంగా వేసినది కొత్తగా అతుక్కోవడానికి చోటు లేదు. కాని రంగు పట్టకూడని కణాల శిఖరం మాత్రం మోతాదు పెరిగే కొద్దీ కొద్దికొద్దిగా కుడివైపు, అంటే ఎక్కువ వెలుగు వైపు, జరిగింది. మిగిలిపోయిన యాంటీబాడీ పనిలేక ఊరుకోదు, తనది కాని చోట కూడా అంటుకుంటుంది. రెండు శిఖరాల మధ్యగతాల తేడాను, రంగు పట్టని కణాల ప్రామాణిక విచలనానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చే సూచిక 1.25 మైక్రోలీటర్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది. 0.6 దగ్గర రంగు పట్టిన శిఖరమే కిందికి జారడం మొదలైంది.

1.25నే ఖాయం చేద్దామా అన్న చర్చ చాలాసేపు నడిచింది. డబ్బు ఆదా అవుతుందన్న మాట నిజమే. కాని మా గమ్యం చంటిపిల్లల నమూనాలు. వారి రక్తంలో లింఫోసైట్లు (టీ, బీ కణాలు చేరే తెల్ల కణాల వర్గం) పెద్దల కంటే చాలా ఎక్కువ. అదే 100 మైక్రోలీటర్లలో కణాలు పెరిగితే యాంటీబాడీ చాలక శిఖరం కిందికి జారుతుంది, అప్పుడు మసకగా కనిపించేది జబ్బో మోతాదు లోపమో తెలియదు. అందుకని ఒక మెట్టు పైన, 2.5 మైక్రోలీటర్ల దగ్గర ఆగాము. సూచిక కొద్దిగా తగ్గినా, శిఖరాలు మాత్రం స్పష్టంగా విడిగానే ఉన్నాయి.

ఏప్రిల్ 29

ఎర్ర కణాలను కరిగించే ద్రావణంతో ఇబ్బంది వచ్చింది. అమ్మోనియం క్లోరైడ్ 155 మిల్లీమోలార్, పొటాషియం బైకార్బోనేట్ 10, ఈడీటీఏ 0.1 ఉండే ఈ ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతలో పది నిమిషాలు ఉంచాలన్నది అలవాటు. కాని ఏప్రిల్ చివర విశాఖలో ఏసీ లేని బల్ల దగ్గర గది ఉష్ణోగ్రత 33 డిగ్రీలు. ఐదు నిమిషాలకే ట్యూబు మబ్బు విడిచి పారదర్శకమైంది. పది నిమిషాలూ ఉంచిన ట్యూబులో లింఫోసైట్ల గుంపు చెదిరి, కింద శిథిలాలు ఎక్కువగా కనిపించాయి. ఇక గడియారాన్ని కాక ట్యూబును చూడాలి. ట్యూబు వెనుక అచ్చు కాగితం పెట్టి, అక్షరాలు చదవగలిగిన క్షణంలోనే సెంట్రిఫ్యూజ్‌లో వేస్తున్నాము. నిల్వ ఉన్న ద్రావణం పీహెచ్ మారుతోంది కనుక, పదింతలు గాఢంగా చేసి పెట్టుకుని ఏ రోజుకారోజు పలుచన చేసుకుంటున్నాము.

మరొక చిన్న విషయం కూడా రాసి పెట్టాలి. ఒక ట్యూబులో సీడీ45 లేని చిన్న గుంపు కనిపించి అరగంట ఆలోచింపజేసింది. ట్యూబును దీపానికి అడ్డుగా పట్టుకుని చూస్తే, లోపలి గోడ మీద, యాంటీబాడీ ద్రవం అందని ఎత్తులో, వెంట్రుక మందాన ఎండిన రక్తపు చార ఉంది. ఆ చారలోని కణాలు యాంటీబాడీని చూడనే లేదు. ఎర్ర కణాలను కరిగించే ద్రావణం పోసినప్పుడు మాత్రం కిందికి దిగి లెక్కలో చేరాయి. ఇప్పటి నుంచి రక్తం పోసే ముందు టిప్పు బయటి వైపు తుడిచి, ట్యూబు అడుగుకు దించి వదలాలి.

మే 5

కాంపెన్సేషన్ పూర్తయింది. ప్రతి రంగూ తన డిటెక్టర్‌లోనే ఉండిపోదు, పక్క డిటెక్టర్లలోకి కొంత ఒలుకుతుంది. ఎఫ్‌ఐటీసీ శిఖరం 520 నానోమీటర్ల దగ్గర ఉన్నా దాని తోక పీఈ చదివే 585 వరకు సాగుతుంది. ఒక్కో రంగును ఒంటరిగా వేసిన ట్యూబులతో ఆ ఒలుకును కొలిచి, లెక్కలోంచి తీసివేయాలి. పీఈ-సై7కు ఈ కొలత మరీ ముఖ్యం. అది రెండు రంగుల జంట: నీలి లేజర్ వెలుగును పీఈ గ్రహించి, తన శక్తిని పక్కనే అతికించి ఉన్న సై7కు అందిస్తే, సై7 దాన్ని 780 ప్రాంతంలో వెలువరిస్తుంది. అందివ్వడంలో కొంత జారిపోయి పీఈ తన సొంత రంగులో, 575 దగ్గర, వెలుగుతుంది. ఎంత జారిపోతుందన్నది లాట్‌ను బట్టి మారుతుంది. కనుక కొలతకు వాడిన సీసాయే పరీక్షకూ వాడాలని గోడ మీద రాసి అంటించాము.

మే 9

సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి ఆలస్యమైనందున రియేజెంట్లను కింది అంతస్తు ఫ్రిజ్‌లోకి మార్చాము.

మే 10

నిన్న మార్చినప్పుడు సీడీ8 సీసా ఒకటి తూర్పు కిటికీ పక్క బల్ల మీద, స్టాండులోనే ఉండిపోయింది. ఉదయం ఎనిమిదిన్నరకు చూసి ఫ్రిజ్‌లో పెట్టాను.

మే 12

ఈ రోజు ఫలితం నన్ను కలవరపెట్టింది. మా జూనియర్ టెక్నీషియన్ ఇచ్చిన రక్తంలో, సీడీ3 ఉన్న కణాలలో దాదాపు మూడో వంతు సీడీ19 చదివే పీఈ డిటెక్టర్‌లో కూడా వెలిగాయి. సీడీ3 టీ కణం గుర్తు, సీడీ19 బీ కణం గుర్తు. ఆరోగ్యవంతుడి రక్తంలో ఇంత పెద్ద సంఖ్యలో కణాలు రెండూ మోయడం జరగదు. తెర మీద ఆ గుంపును నాతోపాటు ఆయన కూడా చూశారు.

“మేడమ్, నాకేమైనా ఉందంటారా?” అని అడిగారు.

“కంట్రోళ్లు చూడకుండా ఏమీ అనలేమండీ. రేపటి వరకు ఈ బొమ్మను మీరు మనసులో పెట్టుకోకండి,” అన్నాను. అలా అన్నానే గాని, రాత్రి నాకే సరిగా నిద్ర పట్టలేదు. తెర మీది చుక్కలను చూసి ఒక మనిషి తన ప్రాణం గురించి భయపడగలడన్న సంగతి ఈ యంత్రం ముందు కూర్చునే ప్రతి ఒక్కరికీ ఎప్పుడూ గుర్తుండాలి.

మే 13

మొదటి అనుమానం జంట కణాల మీద. ఒక టీ కణం, ఒక బీ కణం అతుక్కుని లేజర్ ముందు నుంచి కలిసి పోతే యంత్రం వాటిని ఒకే కణంగా లెక్కిస్తుంది. ముందు దిశ చెదరు కాంతి వైశాల్యాన్ని ఎత్తుతో పోల్చి జంటలను తీసివేశాము. గుంపు తగ్గలేదు.

తరువాత ఆ గుంపును సీడీ8 అక్షం మీద పెట్టి చూశాము. గుంపు మొత్తం సీడీ8 కణాలే. అంతకంటే ముఖ్యంగా, అవి గుండ్రని గుంపుగా కాక ఏటవాలు గీతగా కనిపించాయి: సీడీ8 ఎంత ఎక్కువ వెలిగితే పీఈ అంత ఎక్కువ. రెండు వేర్వేరు ప్రోటీన్లు ఇంత క్రమంగా కలిసి పెరగవు, ఒకే రంగు రెండు చోట్లా కనిపిస్తున్నప్పుడే ఇలాంటి గీత వస్తుంది. ఈ ఆలోచన రాగానే అదే రక్తంతో మరొక ట్యూబు పెట్టి, సీడీ19 యాంటీబాడీని మాత్రం మానేసి మిగిలిన నాలుగూ వేశాము. ఒకటి తక్కువ కంట్రోలు అని మేము పిలిచేది దీన్నే. సీడీ19 వేయనే లేదు, గీత మాత్రం అలాగే ఉంది.

అక్కడికక్కడే జూనియర్ గారిని పిలిచి చూపించాను. “లేనిదాన్ని చూశామన్న మాట, మేడమ్,” అని ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

మే 15

కారణం తేలింది. ఒకే రక్తం, రెండు ట్యూబులు. ఒకదానిలో ఇప్పటి వరకు వాడుతున్న సీడీ8 సీసా, రెండోదానిలో అదే లాట్‌లో తెరవకుండా ఉంచిన సీసా. రెండిటిలోనూ 780 దగ్గర సీడీ8 కణాలు చక్కగా విడిగా కనిపించాయి, పాత సీసాలో కొంచెం మసక. పీఈ డిటెక్టర్‌లో మాత్రం పాత సీసా శిఖరం కొత్త సీసా శిఖరానికి ఎన్నో రెట్లు కుడివైపు పడింది. జంటలోని సై7 దెబ్బతిని, శక్తిని అందుకునే వాడు లేక, పీఈ తనే వెలుగుతోంది. మే 5న సీసా బాగున్నప్పుడు కొలిచిన కాంపెన్సేషన్, ఇప్పటి ఒలుకులో చిన్న భాగాన్ని మాత్రమే తీసివేయగలుగుతోంది.

డైరీ వెనక్కి తిప్పితే మే 10 నాటి రెండు వాక్యాలు కనిపించాయి. తూర్పు కిటికీకి సముద్రం మీద పొద్దు పొడిచిన దగ్గర నుంచి ఎండ తగులుతుంది. ఆ సీసా ఆ రాత్రి వేడిలోను, ఉదయం మూడు గంటల ఎండలోను ఉంది. దాన్ని అక్కడ వదిలింది నేను, ఉదయం చూసి కూడా పరీక్షించకుండా ఫ్రిజ్‌లో పెట్టింది నేను. ఆ రెండు వాక్యాలు రాసి ఉండకపోతే, తయారీ లోపమనో లాట్ లోపమనో తేల్చేసి ఉండేవాళ్లం. ఆ సీసాను పక్కన పెట్టాము. టాండెం, అంటే పీఈ-సై7 వంటి జంట, రంగులు ఉన్న ప్రతి సీసాకూ అల్యూమినియం రేకు చుట్టాము. వారానికోసారి ఆ రంగు ఒక్కటే వేసిన ట్యూబు నడిపి పీఈ వైపు ఎంత ఒలుకుతోందో పట్టికలో రాయడం నియమంగా పెట్టుకున్నాము.

మే 22

మోనోసైట్లు అనే మరో రకం తెల్ల కణాల సంగతి. వాటి మీద ఎఫ్‌సీ రిసెప్టర్లు ఉంటాయి, అవి యాంటీబాడీ తోకను పట్టుకుంటాయి, అది ఏ ప్రోటీన్ కోసం తయారైనదైనా సరే. రంగు వేసే ముందు మానవ ఐజీజీతో (రంగు లేని యాంటీబాడీతో) పది నిమిషాలు ఉంచితే ఈ వెలుగు చాలావరకు తగ్గింది. అయితే సీడీ4 అక్షం మీద మోనోసైట్ల మసక గుంపు తగ్గలేదు, తగ్గకూడదు కూడా. మోనోసైట్ల మీద సీడీ4 నిజంగానే కొద్దిగా ఉంటుంది. అలాగే ఎన్‌కే కణాలలో (టీ, బీ కాని మరో రకం లింఫోసైట్లలో) కొన్నింటి మీద సీడీ8 మసకగా ఉంటుంది. సీడీ3 గేటు (సీడీ3 ఉన్న కణాలనే లెక్కలోకి తీసుకునేలా తెర మీద గీసే హద్దు) లేకుండా సీడీ4, సీడీ8 లెక్కించే అలవాటు కొన్ని చోట్ల ఇంకా కనిపిస్తుంది. అలా లెక్కిస్తే ఈ రెండు గుంపులూ టీ కణాలలో కలిసిపోతాయి. ఐదు రంగులకు వెళ్లడంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ గేటే.

ఐసోటైప్ కంట్రోలు (కణం మీది ఏ ప్రోటీన్‌నూ పట్టుకోని, అదే తరగతి యాంటీబాడీతో చేసే పోలిక) మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. దాని రంగు మోతాదు, గాఢత అసలు యాంటీబాడీతో సరిగ్గా సమానంగా ఉండటం అరుదు. గేటు గీయడానికి ఒకటి తక్కువ కంట్రోలునే ఆధారంగా తీసుకుంటున్నాము.

మృత కణాలను గుర్తించడానికి 7-ఏఏడీ అనే రంగు వేయాలన్న సూచన వచ్చింది గాని, అది పెర్‌సీపీ-సై5.5 డిటెక్టర్‌లోనే పడుతుంది. అదే రోజు తీసిన రక్తానికి అది లేకుండా నడుపుతాము. మరుసటి రోజుకు మిగిలిన రక్తానికి 7-ఏఏడీ ఒక్కటే వేసిన ట్యూబు విడిగా పెట్టి, మృత కణాలు ఎక్కువగా ఉంటే ఆ నమూనాను తిరస్కరిస్తాము.

జూన్ 3

ఒకే రక్తాన్ని నేను, జూనియర్ గారు, ఒకరి ట్యూబులు ఒకరు చూడకుండా, మూడేసి ట్యూబులుగా చేశాము. సీడీ4 శాతాల్లో మా ఇద్దరి మధ్య తేడా రెండు శాతం లోపే వచ్చింది. సీడీ19లో తేడా కాస్త ఎక్కువ. బీ కణాలు తక్కువ కనుక ఎక్కువ కణాలను చదవాలి. ఇకపై ప్రతి ట్యూబులో 20,000 లింఫోసైట్లు వచ్చే వరకు యంత్రాన్ని ఆపకూడదు. ప్రతి నమూనాలో సీడీ4, సీడీ8 శాతాల మొత్తాన్ని సీడీ3 శాతంతో సరిచూస్తున్నాము. కొన్ని టీ కణాలకు ఈ రెండూ ఉండవు కనుక మొత్తం కొద్దిగా తక్కువ రావడం సహజం, ఎక్కువ వస్తే మాత్రం ట్యూబు మళ్లీ చేయాలి.

జూన్ 9

సీడీ8 పీఈ-సై7 కొత్త లాట్ వచ్చింది. పాత లాట్‌లోని మంచి సీసాను, దీన్ని ఐదుగురి రక్తం మీద పక్కపక్కన నడిపాము. సీడీ8 శాతాలు సరిపోయాయి. పీఈ వైపు ఒలుకు కొత్త లాట్‌లో కొంచెం ఎక్కువ కనుక కాంపెన్సేషన్ మళ్లీ కొలిచి, పాతదాన్ని తేదీతో సహా వేరే ఫోల్డర్‌లో భద్రపరిచాము. రక్తమిచ్చిన ఐదుగురిలో మా జూనియర్ గారు కూడా ఉన్నారు. ఆయన నమూనాలో సీడీ3, సీడీ19 రెండూ ఉన్న చోట ఈసారి నాలుగైదు చుక్కలు మాత్రమే కనిపించాయి. ఆ బొమ్మను ప్రింటు తీసుకుని ఆయన తన నోటుపుస్తకంలో అంటించుకున్నారు.

కొత్త సీసా మూత మీద తెరిచిన తేదీ రాసి, రేకు చుట్టి, మధ్య అరలో ముందు వైపు పెట్టాను. చిన్నపిల్లల నమూనాల కోసం ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు గురువారం పంపుతున్నాము.